ఇనుప పళ్లు

నాట్లు దగ్గరపడితే బీబీపేటలో వెల్డింగ్ షాపులకు తీరిక ఉండదు. పోయిన పంటకు అరిగిన, వంగిన కేజీ వీల్స్, అంటే బురద దున్నే ట్రాక్టర్లకు తగిలించే ఇనుప చక్రాలు, షాపు ముందు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. పాత యాంగిల్ ముక్కలు కోసేసి కొత్తవి అతికించాలి. వచ్చినవాళ్లలో చాలామంది కోరేది ఒకటే: "పళ్లు ఇంకింత పొడుగు పెట్టు, దిగవడకుండ గుంజాలె." నేను వెళ్లే షాపులో వెల్డర్ మాత్రం కొలత అడగడు. "ఏ పొలమన్నా? చెరువు కిందిదా, బాయి కిందిదా?" అంటాడు.

ట్రాక్టర్ల గురించి నేను చదివిన ఏ కంపెనీ పుస్తకమూ ఇంత సూటిగా మొదలుకాలేదు.

కరిగెటలో ఇనుప చక్రం బురదను పట్టుకొని నడవదు. పట్టుకోవడానికి బురదలో ఏముంది? ఏళ్ల తరబడి నీళ్లు పెట్టి కలియదున్నిన మడిలో పై మట్టి మెత్తబడితే, దాని కింద నాగళ్లూ చక్రాలూ తొక్కీ తొక్కీ ఒక గట్టి పొర కడుతుంది. నీళ్లు కిందికి ఇంకకుండా ఆపేదీ, ట్రాక్టర్ బరువు మోసేదీ ఆ పొరే. పన్ను దాన్ని అందుకుంటే బండి కదులుతుంది. బాయి కింద చెలక మడుల్లో ఆ పొర పైపైనే ఉంటుంది, పొట్టి పళ్లు చాలు. పొడుగువి పెడితే పొరనే చీలుస్తాయి, ఆ తర్వాత మడిలో నీళ్లు నిలవక బోరు ఇంకింతసేపు నడవాలి. చెరువు కింద, అందులోనూ జాలు పట్టిన మడుల్లో, గట్టి నేల పంటికి అందనంత లోతుకు పోతుంది. అక్కడ పొడుగు పళ్లు చేసేది తవ్వకమే. బండి యాక్సిల్ దాకా కూరుకుపోవడానికి అవే తొందరపెడతాయి. అలాంటి చోట కావాల్సింది వెడల్పు.

మా దిక్కు పొలాలు ఉన్నట్టు ఉండవు కూడా. 2015 మార్చిలో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలైందే ఇక్కడికి దగ్గర సదాశివనగర్‌లో. ఆ తర్వాత పూడిక మట్టి ట్రాక్టర్ల కొద్దీ చెలకల మీదికి చేరింది. పంటకు మంచిదే, కానీ ఆ జిగట మట్టి టైరు గట్ల మధ్య ఇరుక్కొని వదలదు. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాను ముంచిన వాన ఇంకో పని చేసింది. ఎన్నో పొలాల్లో ఇసుక మేటలు వేసింది, కొన్నిచోట్ల పై మట్టినే కోసుకుపోయింది. ఏ మడిలో ఎక్కడ దిగబడుతుందో కళ్లు మూసుకొని చెప్పే పాత డ్రైవర్లు ఇప్పుడు కట్టె గుచ్చి చూసుకొని దిగుతున్నారు. చిన్నతనం ఏమీ లేదు అందులో.

పళ్లు ఎంత పొడుగుండాలనేది మంచు దేశాల్లో స్నోమొబైల్ నడిపేవాళ్లకు కూడా తగాదానే. కెనడాలోని క్యుబెక్‌లో వాల్కూర్ అనే ఊళ్లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో జబ్బుపడ్డ రెండేళ్ల కొడుకును ఆసుపత్రికి తీసుకుపోవడానికి మంచులో దారి లేక పోగొట్టుకున్నాడు. 1937లో మంచు మీద నడిచే పట్టా బండికి పేటెంట్ తెచ్చుకున్నాడు, 1959లో ఆయన స్నోమొబైల్ స్కీ-డూ వచ్చింది. వాళ్ల రబ్బరు పట్టా మీద గట్లు తొక్కిన బాటకు అంగుళం, అంగుళంన్నర ఉంటే చాలు. మెత్తని లోతు మంచుకు రెండున్నర, మూడు అంగుళాలవి వేస్తారు, అవి తెడ్లలా మంచును వెనక్కి నెడతాయి. గడ్డకట్టిన చెరువు మీద ఎంత పొడుగు గట్టైనా జారుతుంది. దానికి పట్టాకు బోల్టులు దించి ఇనుప మొనలు బిగించాలి. వెనక మొనలు పెంచినవాడు ముందు స్కీల కింద కోత కమ్మీలు కూడా పెంచుకోవాలి, లేకుంటే వెనక నెట్టుడుకు బండి మలుపు తిరగదు, తిన్నగా పోతుంది.

ఈ ముందూ వెనకా లెక్క మన దగ్గర ఎవరూ వేయడం లేదనేది నా బాధ. వెనక చక్రాలకు పట్టు పెరిగినకొద్దీ ట్రాక్టర్ మొకం లేస్తుంది. దిగబడ్డ బండి వెనక చక్రాలకు దుంగ కట్టి, క్లచ్ వదిలి పైకి లాగించడం పల్లెల్లో పాత అలవాటు. చక్రం తిరగలేకపోతే ఇంజన్ బలం ఊరుకోదు, యాక్సిల్ చుట్టూ బండినే తిప్పుతుంది. లేచిన మొకం డ్రైవర్ మీద పడటానికి రెండు సెకన్లు కూడా పట్టదు, దూకుదామనుకునేలోపు అయిపోతుంది. చక్రాల వెనక మట్టి తవ్వి రివర్స్ గేరులో రావాలి, అందులో మొకం కిందికే నొక్కుకుంటుంది. రాకపోతే ఇంజన్ ఆపి ఇంకో ట్రాక్టర్‌ను పిలవాలి. పక్క పొలమాయన నవ్వుతాడనా? నవ్వనీ.

ఇక కోతలు. తడి పొలంలో టైరు మిషన్ దిగదు, చైన్ మిషన్‌కు గంట కిరాయి ఎక్కువని అందరూ గొణుగుతారు. లెక్క వేసి చూడండి. చైన్ మిషన్ సుమారు మూడు టన్నులు. మూరెడు వెడల్పు, గజంన్నరకు పైగా పొడవున్న రెండు పట్టాల మీద ఆ బరువు పరుచుకుంటే చదరపు సెంటీమీటరుకు పడేది 200 గ్రాముల చిల్లర. ఒడ్డు మీద నిలబడ్డ మనిషి పాదాలు నేలను నొక్కేది కూడా దాదాపు అంతే. కరిగెటకు ఎద్దుల కన్నా దున్నపోతులను ఇష్టపడ్డ మన తాతలు వెడల్పు గిట్ట విలువ ఎరుగుదురు. ఎద్దుకు లాడాలు కొట్టించింది కంకర బాటకోసం.

ఆ బాట దగ్గరే అసలు గొడవ. కేజీ వీల్స్‌తో ఊరి నుంచి పొలం దాకా బీటీ రోడ్డు మీద నడిపిస్తే తారు మీద నిచ్చెన మెట్ల లాంటి గాట్లు పడతాయి, వానకు అవే గుంతలవుతాయి. నిషేధమని అధికారులు చెబుతూనే ఉంటారు, గాట్లు పడుతూనే ఉంటాయి. జపాన్‌లో సెండై నగరం 1980లలో దీన్నే ఇంకో తీరుగా అనుభవించింది. కార్ల టైర్లకున్న ఇనుప మొనలు మంచు లేనిచోట రోడ్డును గీకితే లేచిన దుమ్ము జనం ఊపిరితిత్తుల్లోకి పోయింది. 1990లో ఆ దేశం చట్టం చేసి అలాంటి టైర్లను కట్టడి చేసింది.

మన దగ్గర జరిమానాతో పని జరగదని నా అనుమానం, ఎందుకంటే డ్రైవర్ మొండితనం ఇందులో కొంతే. కిరాయి గంట లెక్కన, గంట మొదలయ్యేది మడిలో దిగినాక. రబ్బరు టైర్లతో వచ్చి, ఒడ్డు మీద జాకీ పెట్టి, ఇద్దరు మనుషులతో చక్రాలు మార్చే సమయానికి ఎవరూ పైసలియ్యరు. టైరు పక్కన బిగించే హాఫ్ కేజీ వీల్‌ను టైరు కన్నా కొంచెం చిన్న వ్యాసంతో చేయిస్తే రోడ్డు మీద ఇనుము ఆనదు, చెలక మడులకు అది సరిపోతుంది. ఫుల్ వీల్స్ కావాల్సిన చెరువు కింది మడులకు మాత్రం మార్చే అరగంట కిరాయి రైతే ఇచ్చుకోవాలి. ఈ యాసంగికి నేను ఆ లెక్కనే మాట్లాడుకున్నాను. డ్రైవర్ ముందు నవ్విండు, తర్వాత జాకీ ఎవరికిచ్చిండో గుర్తుచేసుకుంట ఫోన్ తీసిండు.