ట్యాంకు మూత మీద గ్లాసు

పప్పుశనగ లోడుకు దొర్నిపాడు వచ్చిన లారీని డ్రైవరు ఎక్కడ ఆపుతాడో చూస్తే చాలు, అతని సర్వీసెంతో తెలిసిపోతుంది. కొత్తవాడు చెట్టునీడ వెతుక్కుంటాడు. పాతవాడు గోడ వెతుక్కుంటాడు. డీజిల్ ట్యాంకున్న పక్కను గోడౌను గోడకు తగిలీ తగలనట్టు ఆనించి, సందులో పిల్లి తప్ప మనిషి దూరకుండా పెడతాడు. రెండు బండ్లుంటే ఒకటి ఆళ్లగడ్డ వైపు, ఇంకొకటి కోవెలకుంట్ల వైపు ముఖం పెట్టి, ట్యాంకులు రెండూ లోపలికి వచ్చేట్టు ఆపుతారు.

ఈ విద్య మా చిన్నాయనకు ఆలస్యంగా వచ్చింది. ఆయనకొక లారీ ఉండేది. నంద్యాల మీదుగా కడప పోయే హైవేకి అప్పట్లో 18వ నంబరు, ఇప్పుడు 40. ఆ రోడ్డు పక్క ఒక దాబా దగ్గర రాత్రి పండుకున్నాం. పొద్దున బండి కిలోమీటరు కూడా పోలేదు, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ట్యాంకులో కట్టెపుల్ల ముంచితే కొన మాత్రం తడిసింది. ఎవరో పోయి క్యానుతో డీజిల్ తెచ్చిపోసినా స్టార్టు కాదు, లైనులో ఎయిర్ పట్టేసింది. చిన్నాయన స్క్రూ వదులు చేసి పట్టుకుంటే నేను చేతిపంపు నొక్కాను. నురుగు, బుడగలు, మళ్లీ నురుగు. బుడగ లేని డీజిల్ దారంలా వచ్చేసరికి నా బొటనవేలు బొబ్బలెక్కింది. మూడు రోజులు అన్నం ముద్దలో కూడా అదే వాసన.

దొంగకు కావలసింది మూరలకొద్దీ పైపు, ఒక క్యాను, అంతే. ట్యాంకులో మట్టం కన్నా క్యాను కిందుంటే, ఒక్కసారి నోటితో లాగి వదిలితే చాలు, మిగతా పని డీజిలే చేసుకుంటుంది. 35 లీటర్ల క్యాను నిండడానికి ఐదు నిమిషాలు ఎక్కువే. లీటరు వందకు కాస్త అటూ ఇటూ ఉన్న రోజుల్లో అది మూడున్నర వేల సొమ్ము. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనానికి 303వ సెక్షన్. సొత్తు ఐదు వేల లోపుండి, మొదటిసారి దొరికినవాడై, ఆ సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపోతుంది. అంటే ఒక క్యాను వరకు చట్టానికి కూడా కాస్త జాలి ఉంది. బాడుగలో డీజిల్ పోను మిగిలేదాంతో కంతు కట్టే లారీ యజమానికి ఆ జాలి రాదు, నాకు కూడా రాలేదు.

తాళం మూతలొచ్చాయి. మూతి లోపల జాలీ బిగిస్తున్నారు, పైపు దిగకుండా. పైన దారి మూస్తే దొంగ కింద డ్రెయిన్ బోల్టు విప్పుతాడు. ఇప్పుడు సెన్సార్లు. మట్టం పడిపోతే ఓనరు ఫోనుకు మెసేజి పోతుంది, ఓనరు డ్రైవరుకు ఫోన్ కొడతాడు. ఆ ఫోనులో మొదటి మాట ‘దొంగ దొరికినాడా’ అని ఉండదు, ‘నువ్వేం చేస్తాండావు’ అని ఉంటుంది. దారిలో డీజిల్ అమ్ముకునే డ్రైవర్లు లేరని నేననను. కానీ పగలంతా తోలినవాడే రాత్రి కాపలాకూ జీతం లేని మనిషి. మూత మీది తాళం కన్నా మనం ఎక్కువగా నమ్ముకున్నది అతని నిద్ర పట్టని చెవిని.

కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు. మంచిదే. అయితే ఇంజన్ ఆపితే ఏసీ ఆగుతుంది, ఆన్‌లో పెడితే దొంగ తాగాల్సిన డీజిల్‌ను ఇంజనే తాగుతుంది. అద్దాలు ఎక్కిస్తే పైపు చప్పుడు వినపడదు, దించితే దోమలు.

మొన్న పప్పుశనగ సీజన్‌లో హమాలీలు లోడు ముగించేసరికి రాత్రి పదకొండు దాటింది, కాటా తెల్లారితే గాని లేదు. డ్రైవరు గోడకానించి బండి ఆపాడు. తర్వాత టీ తాగిన స్టీలు గ్లాసు ట్యాంకు మూత మీద బోర్లించాడు.

“పండుకో అన్నా, నేను చూస్తాలే,” అన్నాను.

“సరే సార్,” అని క్యాబిన్ ఎక్కాడు.

రెండున్నరకు గ్లాసు ఖణేలుమంది. నేను అరుగు మీద నుంచి లేచేలోపే అతను టార్చితో కింద ఉన్నాడు. సందులో నుంచి పిల్లి బయటికొచ్చి, మా ఇద్దరినీ చూసి, తాపీగా రోడ్డు దాటింది. గ్లాసు ఏరి, లుంగీ అంచుతో దుమ్ము తుడిచి మళ్లీ మూత మీద పెట్టాడు.

“నిద్ర పట్టలేదా?” అన్నాను.

“పట్టింది సార్,” అన్నాడు. “మీరు మేలుకున్నారు గదా, కొంచెం పట్టింది.”