చర్చిలు మూతపడ్డ నాళ్లలో కుటుంబ ప్రార్థన

కుటుంబ ప్రార్థన అంటే పొద్దుగూకాక ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని కీర్తన పాడి, బైబిలులో ఒక అధ్యాయం చదివి, ఇంటివాళ్ల కోసం, ఇరుగుపొరుగు కోసం పేరుపేరునా విన్నవించి, పరలోక ప్రార్థనతో ముగించే ఆచారం. 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ వెంటనే కరోనా లాక్‌డౌన్ వచ్చి చర్చిలు మూతపడ్డప్పుడు తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల సంఘాలు ఈ ఆచారం మీదే నిలబడ్డాయి.

ఈ ప్రాంతంలో దీనికి లోతైన పునాది ఉంది. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. ఆ దోర్నకల్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. అప్పట్లో బాప్తిస్మం పొందినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. పగలంతా పొలాల్లో ఉండేవారు, చాలామందికి చదువు రాదు. పల్లెలు ఎన్నో, గురువులు కొద్దిమంది. అందుకే పల్లెలో ఉండే పంతులు రాత్రిపూట అందరినీ కూర్చోబెట్టి కీర్తనలు, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి నేర్పేవాడు. సువార్త చెప్పడం ప్రతి విశ్వాసి బాధ్యత అని అజరయ్య పట్టుబట్టేవారు. బాప్తిస్మం పొందినవారి చేత తలమీద చెయ్యి పెట్టించి ఆ మాట పలికించేవారు. చేతిలో పుస్తకం లేకపోయినా, గురువు రాకపోయినా ఆగని ఆరాధన ఇలా తయారైంది.

2020లో మట్టల ఆదివారం ఏప్రిల్ 5న, ఈస్టర్ 12న వచ్చాయి. మట్టలు పట్టుకుని వీధుల్లో ఊరేగింపు లేదు. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించడమూ లేదు. పాస్టర్లు యూట్యూబ్‌లో, వాట్సాప్‌లో వాక్యం చెప్పారు. సిగ్నల్ సరిగా అందని అడవి పల్లెల్లో మాత్రం ఫోన్ కంటే కీర్తనలు నోటికొచ్చిన అవ్వే పెద్ద ఆసరా.

సంఘం అనే బంధం ప్రార్థన విన్నపాల్లోనే ఎక్కువగా కనిపించేది. రాష్ట్ర ప్రభుత్వం రేషన్ కార్డుదారులకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. అయితే పప్పు, నూనె, బీపీ మాత్రలు ఎవరింట్లో అయిపోయాయో విన్నపాలు వింటేనే తెలిసేది. పేరు పెట్టి ప్రార్థించాక ఆ ఇంటి అవసరాన్ని మరిచిపోవడం కష్టం.

క్రైస్తవ నిరీక్షణకు మూలం పునరుత్థానం. రోగం తగ్గి తీరుతుందనే హామీ అందులో లేదు. అంత్యక్రియలకు 20 మందికి మించి రాకూడదన్న రోజుల్లో ఆప్తులను మట్టికి అప్పగించిన ఇళ్లకు ఇది బాగా తెలుసు. ఇంటికి పరిమితమైన విశ్వాసం కొత్తదీ కాదు: అపొస్తలుడైన పౌలు రోములో కావలి కింద రెండేళ్లు అద్దె ఇంట్లో ఉండి, వచ్చినవారినందరినీ చేర్చుకున్నాడని అపొస్తలుల కార్యాలు చెబుతుంది. బంధకాల్లో ఉండి ఆయన ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక నిండా సంతోషమే.

ఇంటికి రాలేనివీ ఉన్నాయి. వాక్యం ఫోన్లో వినవచ్చు. ప్రభు రాత్రి భోజనంలో ఒకే రొట్టె పంచుకోవడం ఫోన్లో కుదరదు. ఆ లోటు నిజమైనది, దాన్ని తేలిక చేయకూడదు.

2020 జూన్ 8న చర్చిలు తెరుచుకున్నా, అప్పటి నిబంధనల ప్రకారం గాయక బృందాలు పాడకూడదు. రికార్డు చేసిన పాటలే పెట్టాలి. 65 ఏళ్లు దాటినవారు, పదేళ్లలోపు పిల్లలు ఇంట్లోనే ఉండాలని సూచించారు. దాంతో అవ్వలకు, మనవలకు సాయంత్రపు కుటుంబ ప్రార్థనే ఆరాధనగా సాగింది. 2021 మే 12న రాష్ట్రంలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టినప్పుడు, జూన్ 19 దాకా, మిగతావారూ ఆ ప్రార్థనకే తిరిగి వచ్చారు.