డబ్బుదేముందండీ!

జనరల్ బజార్‌లో చీరకు సగానికి సగం ధర అడిగే ఆవిడే, బేరం కుదరగానే అక్కడికక్కడే నోట్లు లెక్కపెట్టి ఇచ్చేస్తుంది. సికింద్రాబాద్‌లో ఇంటి నుంచే డీటీపీ, డిజైన్ పనులు చేసుకునే నాకు పార్టీల విషయంలో ఇదే కొలబద్ద. గీసి గీసి బేరమాడే పార్టీని వదులుకోను. ఇవ్వదలచుకున్నవాడే కదా బేరమాడేది! నా భయమల్లా "డబ్బుదేముందండీ, ముందు పని కానివ్వండి" అనే పెద్దమనిషితోనే.

అలాంటి ఓ పార్టీ నుంచి రాత్రి పదకొండుకు ఫోను: "లోగో కాస్త పెద్దది చేయండి, చిన్న కరెక్షనే." పొద్దున్నే మళ్లీ: "పాతదే బాగుందండీ." బిల్లు ఊసెత్తితే అకౌంటెంట్ ఊళ్లో ఉండడు. ఈలోగా ఇంకో బ్రోచరు వచ్చిపడుతుంది. కాదంటే పాత డబ్బు రాదేమోనన్న మన భయమే వాళ్ల పెట్టుబడి. పాత బిల్లు తేలకుండా కొత్త పని రెండోసారి వచ్చిందంటే, ఆ పార్టీకి నమస్కారం పెట్టే వేళయిందని నా లెక్క.

చట్టం లేకపోలేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థలకు రాతకోతలుంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. అయితే వడ్డీ నోటీసు అందుకున్న పార్టీ మళ్లీ మన గడప తొక్కదు. తెంచుకోవాలని తేల్చుకున్నాకే అది పనికొస్తుంది. నాకైతే ఆదాయపు పన్ను మెలిక నచ్చింది. 2023-24 లెక్కల నుంచి, ఇలా గడువు దాటిన బాకీని వాస్తవంగా చెల్లించిన ఏడాదే ఖర్చుగా చూపుకోవాలి. దాంతో మార్చి వచ్చేసరికి మన బిల్లును వాళ్ల ఆడిటరే గుర్తుచేస్తాడు.

అందుకే నా తెగతెంపులన్నీ ఏప్రిల్‌లోనే. సాకులు పనిచేయవు. "బిజీగా ఉన్నానండీ" అంటే "ఖాళీ అయ్యాకే చేయండి" అంటారు. రేటు రెట్టింపు చెబితే, ఖర్మకాలి ఒప్పేసుకుంటారు. బాకీ కూడా రెట్టింపవుతుంది. చేతిలో పని ముగించి, డబ్బు పడ్డాక వాట్సాప్‌లో రెండు ముక్కలు: "ఇకపై మీ పనులు చేయలేనండీ. ఫైళ్లన్నీ పంపుతున్నాను." కారణం రాయను. రాస్తే దానికో జవాబు, ఆ జవాబుకో జవాబు.

ఫైళ్ల దగ్గరే కొందరు కసి తీర్చుకుంటారు. కోరల్‌డ్రాలో అక్షరాలను కర్వ్స్ చేసి ఇస్తే ప్రింటుకు ఇబ్బంది లేదు గానీ, తర్వాతి డిజైనర్ ఒక్క ఒత్తు దిద్దాలన్నా మళ్లీ టైపు చేసుకోవాల్సిందే. నేను ఓపెన్ ఫైలే ఇస్తాను, అను ఫాంట్లలో ఏది వాడానో కూడా రాసి మరీ. ఇవ్వకపోతే ఆ కుర్రాడు రాత్రి పదకొండుకు నాకే ఫోన్ చేస్తాడు: "అన్నా, ఆ డేట్ ఒక్కటి మార్చివ్వవా?"