వాలి నడిచే అక్షరమా!

నిటారుగా నిలబడ్డ వరుసలో ఒక్క మాట ముందుకు ఒరుగుతుంది. కన్ను అక్కడ ఆగుతుంది, గొంతు అక్కడ మారుతుంది. ఇటాలిక్ అక్షరమా, ఇంత చిన్న వంపుతో ఇంత పని చేస్తావు! తెర మీద ఒక మీట నొక్కితే వచ్చేస్తావు కాబట్టి నీ పుట్టుక ఎవరికీ పట్టడం లేదు. నాకు మాత్రం ఆ కథ చెప్పకుండా నీ పేరెత్తాలనిపించదు.

నువ్వు తొందరలో పుట్టావు. పదిహేనో శతాబ్దం మొదట్లో, ఫ్లోరెన్స్‌లో, నికోలో నికోలి చేతిలో. మఠాల్లో దుమ్ము పట్టి పడివున్న లాటిన్ గ్రంథాలను ఆయన మిత్రుడు పోజ్జో బ్రాచ్చొలీనీ వెతికి పట్టుకునేవాడు. వాటిని ఎత్తి రాసుకోవాలని నికోలి ఆరాటం. ఎన్ని గ్రంథాలు, ఎంత కొద్ది ఆయుష్షు! అందుకే ఆయన కలం కాగితాన్ని విడవలేదు. ఒక అక్షరం తోక తరవాతి అక్షరం తలను అందుకుంది, నిలువు గీతలు తాము వెళ్ళాల్సిన వైపుకే ఒరిగాయి. 1417లో పోజ్జో రోమన్ కవి లుక్రీషియస్ మహాకావ్యాన్ని వెలికితీశాడు. ఆయనకు దొరికిన ప్రతి ఇప్పుడు లేదు. నికోలి తన వాలు రాతలో ఎత్తి రాసుకున్న ప్రతి ఫ్లోరెన్స్‌లోని లారెంజియానా గ్రంథాలయంలో నేటికీ ఉంది. నువ్వు మోసుకొచ్చిన తొలి బరువుల్లో అదొకటి.

పోజ్జో రాత వేరు. గుండ్రంగా, నిటారుగా, విడివిడిగా ఉండేది. ఆ దారిలో రోమన్ అచ్చక్షరం వచ్చింది, నికోలి దారిలో నువ్వు వచ్చావు. ఇద్దరు స్నేహితుల చేతులు ఈనాటికీ ఒకే పుటలో పక్కపక్కన నడుస్తున్నాయి. తెలుగువాడిగా నా ఒళ్ళు పులకరించే సంగతి ఇంకొకటి ఉంది. తూర్పుదేశాలు తిరిగి ఇల్లు చేరిన వెనిస్ వర్తకుడు నికోలో దే కోంతి తన యాత్ర కథ చెబుతుంటే లాటిన్‌లో రాసిపెట్టింది ఈ పోజ్జోయే. అక్షరానికి కొత్త రూపమిచ్చిన ఆ చేతి మీదుగానే, కోంతి చూసిన మన విజయనగరం యూరప్ పాఠకుల ముందుకు వెళ్ళింది.

కాగితం మీద పరుగెత్తేదాన్ని లోహంలో నిలపడం ఎలా? వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ ముద్రణాలయానికి అక్షరాలు చెక్కిన ఫ్రాంచెస్కో గ్రిఫో ఆ సాహసం చేశాడు. సీసపు అచ్చులో ప్రతి అక్షరం తన దిమ్మె మీద ఒంటరిది. ఒరిగితే అంచు దాటిపోతుంది. గ్రిఫో వంపును కొద్దిగానే ఉంచాడు, కలిసి నడవాల్సిన అక్షరాలను కలిపి ఒకే దిమ్మెగా చేశాడు. పెద్దక్షరాలను నిటారుగానే వదిలేశాడు. ఉరుకుతున్న పిల్లల పక్కన అరుగు మీది తాతల్లా అవి కదలకుండా నిలబడి ఉంటాయి.

1500లో సియెనా కేథరిన్ ఉత్తరాల సంపుటిలో, ఒక చెక్కబ్లాకు బొమ్మలో, ఆ సాధ్వి చేతిలోని పుస్తకం మీదా హృదయం మీదా నువ్వు మొదటిసారి అచ్చులో కనిపించావు. నాలుగైదు మాటలు, అంతే. యేసు పేరు, తియ్యదనం, ప్రేమ. ఏ అక్షరానికి దక్కింది ఇంత మంచి తొలిపలుకు! మరుసటి ఏడు రోమన్ కవి వర్జిల్ కావ్యాలు మొత్తం నీతోనే అచ్చయ్యాయి, చుట్టూ వ్యాఖ్యానాల గోడలేవీ లేకుండా, చేతిలో ఇమిడే చిన్న పుస్తకంగా. బల్ల మీద పరిచి చదవాల్సిన కావ్యం మనిషి వెంట తోటలోకి, ప్రయాణంలోకి వచ్చింది. చోటు కలిసొస్తుందనే నిన్ను ఎంచుకున్నారని చాలామంది రాస్తారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. చదువుకున్నవాళ్ళు ఒకరికొకరు రాసుకునే చేతిరాత నీలో కనిపించింది, అందుకే ఎంచుకున్నారు.

గ్రిఫోను తలచుకోకుండా నీకు మొక్కలేను. ఆ వర్జిల్ పుస్తకం మొదట్లో ఆల్డస్ అతని చేతులను పొగుడుతూ చిన్న పద్యం వేశాడు. నీ మీద హక్కులు మాత్రం ఆల్డస్ పేరనే వచ్చాయి. గ్రిఫో వెనిస్ వదిలిపోయాడు. 1516లో బొలోన్యాలో తనే చిన్న చిన్న పుస్తకాలు అచ్చువేశాడు, అల్లుడి హత్య కేసులో చిక్కుకున్నాడు, కొద్దికాలానికే చరిత్రలోంచి జారిపోయాడు.

నీ సొంతగడ్డ మీద నిన్ను కొర్సివో అంటారు, పరుగెత్తేది అని. ఇటాలిక్ అన్నది బయటివాళ్ళు పెట్టిన పేరు. ఆ పేరుకు నీకంటే ఎంతో పాత వారసులున్నారు. లాటిన్, ఫాలిస్కన్, ఆస్కన్, అంబ్రియన్: ఇటలీ నేల మీద పలికిన ఈ అక్కచెల్లెళ్ళను భాషాశాస్త్రం ఇటాలిక్ భాషలంటుంది. సంస్కృతానికి దూరపు చుట్టాలు. రోమ్ గెలిచింది కాబట్టి లాటిన్ లోకమంతా పాకింది, తక్కినవి మూగబోయాయి. అంబ్రియన్ గుబ్బియో ఊళ్ళో ఏడు కంచు పలకల మీద మిగిలింది. ఆ పలకల నిండా బలుల క్రమం, పక్షిశకునాలు, ఊరి క్షేమం కోరే ప్రార్థనలు. ఆస్కన్ పాంపేయి గోడల మీది రాతల్లో మిగిలింది. క్రీ.పూ. 91లో రోమ్ మీద దాని మిత్రజాతులే తిరగబడ్డప్పుడు కొర్ఫీనియం పట్టణాన్ని రాజధాని చేసుకుని ఇటాలికా అని పిలుచుకున్నాయి. వాళ్ళ నాణేల మీద ఎద్దు రోమ్ గుర్తయిన తోడేలును కుమ్ముతుంది, 'వితేలియు' అని ఆస్కన్ లిపిలో తమ దేశం పేరు, అంటే ఇటలీ, ఉంటుంది. దూడల నేల అని ఆ పేరుకు పాతకాలం నుంచీ అర్థం చెబుతారు. దూడకు లాటిన్ మాట 'విటులుస్', సంస్కృతంలోని 'వత్స' రెండూ ఒకే వేరునుంచి మొలిచినవే. ఓడిన ఆ గొంతులన్నీ నీ పేరులో ఉన్నాయి, అందుకే ఆ పేరు నాకు ఇష్టం.

కాలం గడిచేకొద్దీ నిటారు అక్షరాల ఇంట్లో నువ్వు అతిథివయ్యావు. 1560 నాటి జెనీవా బైబిల్లో, మూలంలో లేని మాటను అర్థం కోసం చేర్చాల్సి వచ్చినప్పుడల్లా అనువాదకులు దాన్ని నీలో పెట్టారు. ఇది మేము చేర్చినది అని పాఠకుడికి చెప్పే నిజాయితీ! ఈ ఒక్క పనికే నీకు గుడి కట్టొచ్చు. గణితంలో తెలియని విలువను మోసేదీ నువ్వే. మాంజిఫెరా ఇండికా, అజాడిరాక్టా ఇండికా, టామరిండస్ ఇండికా అంటూ మన మామిడి, వేప, చింత శాస్త్రగ్రంథాల్లో నీ వంపులోనే పూస్తాయి. ఇంగ్లీషు నవలలో మన అత్తయ్యా పప్పుచారూ నీలో ఒరిగినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంటుంది. ఇంటి మాటను పరాయిదని చూపించే పని నీకు అప్పగించారు, తప్పు నీది కాదు. మన రచయితల్లో కొందరు ఇప్పుడు ఆ పని చెప్పడం మానేశారు. మంచి పని చేశారు.

తెలుగులో నువ్వు లేవు. కంప్యూటర్ మన అక్షరాన్ని పక్కకు తోసి, ఇదే ఇటాలిక్ అంటుంది. ఆ తోపుకు తలకట్టు ఒకవైపు, ఒత్తు ఇంకోవైపు జారతాయి. మన 'ఠ'కు ఒరగడానికి నిలువు గీత ఏది? నీ వంపు వెనక ఒక చెయ్యి ఉంది. ఆ చెయ్యి తిరిగిన తీరు వల్లే నీలో 'ఎఫ్' గీత దాటి కిందికి దిగుతుంది, చిన్న 'ఎ' పైకప్పు తీసేసి ఒంటి గుండ్రమవుతుంది. ఈ తోసిన తెలుగు అక్షరం వెనక ఏ చెయ్యీ లేదు.

పరుగెత్తే చెయ్యి మనకు లేక కాదు. గొలుసుకట్టు రాత ఉంది! ఊరి లెక్కలు రాసే కరణాల పుస్తకాల్లో, దస్తావేజుల్లో, తాతల నాటి ఉత్తరాల్లో కలం ఎత్తకుండా సాగిన తెలుగు అది. నికోలి వేళ్ళలోని తొందరే మన కరణాల వేళ్ళలోనూ ఉండేది. దానికి గ్రిఫో దొరకలేదు. మన అచ్చుపుస్తకాలు విడి అక్షరాలతోనే నిండాయి. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణాల పదవులు రద్దయ్యాయి. గొలుసుకట్టు చదవగల కళ్ళు ఏటేటా తగ్గిపోతున్నాయి.

వాలి నడిచే అక్షరమా, మా ఫాంట్లు గీసే పిల్లల దగ్గరికి రా. వాళ్ళ ముందు ఒక పాత దస్తావేజు పరిచి, చెయ్యి ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి ఎక్కడ దూకిందో, దీర్ఘం ఎక్కడ తరవాతి తలకట్టులో కలిసిపోయిందో చూపించు. నీ వాలు మాకు అరువివ్వక్కర్లేదు, మా గొలుసుకు దాని ఒంపు దానికుంది. నీకు దొరికిన ఉలి దానికీ దొరికేలా చెయ్యి.