చూచుట నేర్చినవారు

సంగీతము నేర్వవలెనన్న గురువు నాశ్రయింతుము. చిత్రలేఖనము నేర్వవలెనన్న పాఠశాలకు పంపుదుము. వైద్యమునకును న్యాయవాదవృత్తికిని కళాశాలలు కలవు. చలనచిత్రమునకు మాత్రము చదువేల యను ప్రశ్న మన యిండ్లలో నేటికిని వినబడుచునే యున్నది. కొడుకుగాని కూతురుగాని సినిమా చదువు చదివెదనన్నచో తండ్రి మౌనము వహించును, మేనమామ నవ్వును, తల్లి 'ఆ చదువు కూడు పెట్టునా?' యని యడుగును. ఈ మూటిలో తల్లి ప్రశ్నయే న్యాయమైనది. దానికి బదులుగా బహుమతుల పట్టిక చదివి వినిపించుట విమర్శకునకు తగిన పని కాదు. ఆ చదువు చదివినవా రేమి చేసిరి, చేసినది యెవరికి ఉపకరించినది, ఎవరికి వారు ఋణపడియున్నారు అను విషయమును అనంతపురపు మెట్టసీమనుండి చూచి విచారింపదలచినాను.

ముందుగా బహుమతుల మాట. 2024 మే మాసమున ఫ్రాన్సుదేశపు కాన్ నగరములో జరిగిన చిత్రోత్సవమున, పూనాలోని ఫిల్ము ఇన్‌స్టిట్యూటులో చదివిన యిద్దఱు పేరు గడించిరి. పాయల్ కపాడియా తీసిన 'ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్' అను చిత్రమునకు ద్వితీయస్థానమని చెప్పదగిన గ్రాండ్ ప్రీ లభించినది. ఆ యుత్సవపు ప్రధానపోటీలో భారతీయచిత్రమునకు ప్రవేశము దొరకి అప్పటికి ముప్పది యేండ్లయినది. బొంబాయిలో బ్రతుకుదెరువు వెదకుకొనిన మలయాళీ నర్సుల కథ యది. మన మదనపల్లె సమీపమున నున్న రిషివ్యాలీ పాఠశాలలో ఆమె బాల్యమున చదివినది. అదే యుత్సవమున విద్యార్థిచిత్రముల విభాగములో ప్రథమబహుమతి నందినవాడు చిదానంద నాయక్. వైద్యవిద్య ముగించి చిత్రవిద్యకు వచ్చిన కన్నడిగుడాతడు. ఒక ముసలవ్వ ఊరి కోడిపుంజును దొంగిలించుటచే తెల్లవాఱుటయే మానిపోయినదను జానపదకథను ఆతడు పదునాఱు నిమిషముల చిత్రముగా మలచినాడు. అట్టి కథలు మన రాయలసీమ అవ్వలును చెప్పుదురు. వారి చెంత కూర్చుండి విని తెరకెక్కించినవారు మాత్రము మనలో అరుదు.

ఈ విద్యాలయములు ఒక్కనాటివి కావు. 1951లో ఎస్. కె. పాటిల్ అధ్యక్షతన వెలువడిన విచారణసంఘపు నివేదిక చలనచిత్రములకు శిక్షణాలయ మావశ్యకమని సూచించినది. దాని ఫలముగా 1960లో పూనాలో, ఒకప్పటి ప్రభాత్ కంపెనీ స్టూడియో ఆవరణముననే, ఫిల్ము ఇన్‌స్టిట్యూట్ వెలసినది. 1982లో ఢిల్లీలోని జామియా మిల్లియా విశ్వవిద్యాలయమున అన్వర్ జమాల్ కిద్వాయి పూనికతో, కెనడాకు చెందిన డాక్యుమెంటరీ దర్శకుడు జేమ్స్ బెవరిడ్జ్ తోడ్పాటుతో, మఱియొక శిక్షణాలయ మేర్పడినది. హైదరాబాదున 2011లో అన్నపూర్ణ స్టూడియోవారు ఒక కళాశాల స్థాపించిరి. వీనిలో కెమెరా త్రిప్పుటయు, ఖండములను కూర్చుటయు, శబ్దమును పట్టుటయు నేర్పుదురు. ఇవి పనిముట్లు. వీని వెనుక నున్న అసలు విద్య వేఱు. ఒకచోట చాలసేపు నిలిచి తొందరపడక చూచుట, ఎదుటివాని మాట ముగియువఱకు వినుట, చూచినదానిలో దేనిని విడువవలెనో తెలిసికొనుట, ఇవి యసలు విద్య.

బడులు లేని కాలమున మనవారు చిత్రములు తీయలేదా యని యడుగవచ్చును. తీసిరి, గొప్పవి తీసిరి. తాడిపత్రిలో 1912లో జన్మించిన కె. వి. రెడ్డి కెవరును డిప్లొమా ఇచ్చియుండలేదు. రోహిణీ సంస్థలో క్యాషియరుగా మొదలుపెట్టి, వాహినీ సంస్థలో నిర్మాణవ్యవహారములు చూచుచు, బి. ఎన్. రెడ్డి పనిని దగ్గఱనుండి గమనించి దర్శకుడైనాడు. స్టూడియోయే ఆయనకు పాఠశాల. 'యోగివేమన' (1947), 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) ఆయన చేతిలో రూపొందినవే. కాని యొక మాట గమనింపుడు. వాహినీ పెద్దలు పలువురు రాయలసీమవారే యైనను, వారి సొంత మెట్టసీమ తెరమీద కనుపించుట అరుదు. కదిరి ప్రాంతమున సమాధి గల వేమన కనుపించెను. ఆ సమాధి చుట్టునున్న యెఱ్ఱనేలయు, దానిని దున్నువారును కనుపింపలేదు. అది వారి దోషమని నే ననను. స్టూడియో నాలుగు గోడలలోనే చిత్రము పుట్టవలసిన కాలమది.

పిమ్మట కెమెరా గోడలు దాటి వచ్చినది. వచ్చి యేమి చూచినది? పత్రికలవారు వచ్చినప్పుడు నెఱ్ఱెలు విచ్చిన నేలను, ఎండిన చెఱువును, నుదుట చేయి పెట్టుకొనిన ముసలిరైతును చూచి పోయినారు. కథాచిత్రములవారు వచ్చినప్పుడు వేటకొడవలిని, నాటుబాంబును, తొడగొట్టు నాయకుని చూచి పోయినారు. 'సమరసింహారెడ్డి' (1999) విజయము పొందిన పిదప ఆ తీరు చిత్రములు వరుసకట్టినవి. రాయలసీమ యన్న పగలసీమ యని తక్కిన తెలుగువారు నమ్మునంతవఱకు వచ్చినది. కోస్తా పట్టణములలో చదువబోయిన మన పిల్లలను తోటివారు 'మీ యింట బాంబు లుండునా?' యని యడుగుట ఆ చిత్రముల ఫలితమే. ఒక చిత్రము మనలను దీనులను చేసినది; మఱియొకటి క్రూరులను చేసినది. పని చేయు మనుష్యులుగా చూచినది అరుదు.

నిజమునకు ఈ సీమ కథ పనియొక్క కథ. పడమటి కనుమలు నైరృతిమేఘములను అడ్డగించును. తూర్పుతీరము దూరమగుటచే ఈశాన్యపు వానలు వచ్చుసరికి క్షీణించును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదియు పైరు కోరిన దినమున పడదు. పలుచని యెఱ్ఱనేలపై దశాబ్దములుగా వేరుసెనగయే ప్రధానపంటయై, కొఱ్ఱలు, సజ్జలు, ఆరికెలు వెనుకబడినవి. వాన తప్పిన యేట అప్పొకటే మిగులును. ఇట్టిచోట 1990లో చెన్నేకొత్తపల్లి సమీపమున 32 ఎకరముల బీడునేల కొని, బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం మొదలగువారు 'టింబక్టు కలెక్టివ్' అను సంస్థను నెలకొల్పిరి. నాడు అనంతపురము జిల్లాలోని ఆ మండలము 2022నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. గ్రామస్థులతో కలిసి బోడిగుట్టలను పశువులనుండియు నిప్పునుండియు కాపాడగా, గడ్డియు ఈతచెట్లును తిరిగి మొలిచి కల్పవల్లి యను అడవి ఏర్పడినది. రసాయనపు టెరువులు విడిచి చిరుధాన్యములు పండించు రైతులు సహకారసంఘమై తమ పంటను తామే అమ్ముకొనుట నేర్చిరి.

ఈ రైతుల మీదనే 'టింబక్టు' అను చిన్న డాక్యుమెంటరీ చిత్రము వచ్చినది. తీసినవారు రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ అను దంపతులు. ఇరువురును పైన చెప్పిన జామియా శిక్షణాలయపు పట్టభద్రులు. 2012 సంవత్సరపు జాతీయ చలనచిత్ర బహుమతులలో ఉత్తమ పర్యావరణచిత్రముగా దానిని ఎన్నుకొనిరి. బహుమతికన్న నాకు ముఖ్యమైనది వారి విషయనిర్ణయము. కఱవుసీమకు కెమెరాతో వచ్చినవారికి శోకము సులభముగా దొరకును. వారు దానిని విడిచి, ఏమి పండించవలెను, ఏమి తినవలెను అను ప్రశ్నలను తమంతట తాము తేల్చుకొనుచున్న రైతుల నెన్నుకొనిరి. శిక్షణ యని నేననునది యిదియే.

అయినను సత్కార్యములను చూపు చిత్రముల కొక ప్రమాదము కలదు. ఒక్క పచ్చని పొలము చూచి పట్టణపు ప్రేక్షకుడు, సమస్య తీఱినదనుకొని, నిశ్చింతగా ఇంటికి పోవును. ఆ పొలము ప్రక్కనే అప్పులలో మునిగిన పొలములున్నవి. కల్పవల్లి గుట్టలమీదికి గాలిమరలు వచ్చినప్పుడు, వానికై వేసిన బాటలు వాలులను కోసివేసినవను వివాదము చెలరేగినది. చిన్న చిత్రములో అన్నియు ఇమడవు, నిజమే. కాని చూపినదానిని ముగింపుగా గాక మొదలుగా చూపుట దర్శకుని బాధ్యత. ఆ బాధ్యత యెంతటిదో ఈ దంపతుల తరువాతి చిత్రమే తెలిపినది.

ఆ చిత్రము 'రైటింగ్ విత్ ఫైర్' (2021). బుందేల్‌ఖండమును మనవలె కఱవుసీమయే. అక్కడ 2002లో దళితస్త్రీలు ముఖ్యులుగా ప్రారంభమైన 'ఖబర్ లహరియా' అను పత్రిక, అచ్చునుండి ఫోనులో కనుపించు వార్తలకు మాఱిన వృత్తాంతము దాని విషయము. స్మార్టుఫోను పట్టుటకు మొదట వెఱచిన స్త్రీలు దానితో గనులయొద్దకును పోలీసుఠాణాలకును పోయి ప్రశ్నించుటను దర్శకులు కొన్ని సంవత్సరములపాటు వెంబడించి చిత్రించిరి. అమెరికాలోని సన్‌డాన్స్ ఉత్సవములో రెండు బహుమతులు వచ్చినవి. 2022లో ఆస్కారు తుదిపట్టికలో చోటు లభించినది.

సరిగా ఆస్కారు సభకు కొలదిదినములు ముందు, మార్చి మాసమున, ఖబర్ లహరియావారు ఒక ప్రకటన వెలువరించిరి. చిత్రము హృదయమును కదలించునదే యని ఒప్పుకొనుచునే, తాము ఒక్క రాజకీయపక్షముమీదనే దృష్టి నిలిపి వ్రాయువారమైనట్లు అది చూపినదనియు, తమ పని యంత యిఱుకైనది కాదనియు వారనిరి. అనేకులకిది కృతఘ్నతగా తోచినది. నా కట్లు తోచలేదు. సంవత్సరములకొలది కూర్చిన దృశ్యములనుండి గంటన్నర చిత్రము నేర్పఱచునప్పుడు దేనిని విడువవలెనో నిర్ణయించువాడు దర్శకుడే. విడువబడినదానిలో తమ జీవితమున్నదని చెప్పుహక్కు చూపబడినవారిది. నెఱ్ఱెలు విచ్చిన నేల చిత్రములోని ముసలిరైతు ఏనాడైన 'నే నింతేకాదు' అని పత్రికకు వ్రాయగలిగెనా? బుందేల్‌ఖండపు స్త్రీలు వ్రాయగలిగిరి. వారిచేతిలో తమ సొంత కెమెరా, సొంత పత్రిక ఉండుటయే కారణము. ఆ చిత్రము కీర్తించిన శక్తియే ఆ చిత్రమును ప్రశ్నించినది. దర్శకులకది కొంత నొప్పియైనను, ఆ చిత్రము చెప్పినది నిజమనుటకు అంతకు మించిన సాక్ష్యము లేదు.

ఇక బడి యేల, కెమెరా యొకటి చాలదా యనువారున్నారు. ప్రవీణ్ కండ్రేగుల తీసిన 'సినిమా బండి' (2021) ఆ వినోదమునే కథగా చెప్పినది. ఆంధ్ర-కర్ణాటక సరిహద్దు పల్లెలో ఒక ఆటోవానికి ఎవరో మఱచిపోయిన ఖరీదైన కెమెరా దొరకును. పెండ్లి ఫోటోలు తీయువానితో చేరి వాడు ఊరివారితో సినిమా తీయబూనును. ఆ పల్లె పలుకుబడి తెరపై యథాతథముగా వినబడుట ఒక ఆనందము. ఉత్సాహము బడిలో పుట్టదని ఆ చిత్రము చెప్పును, అది సత్యము. కాని ఆ కథలోనే మఱియొక సత్యమున్నది: ఆ కెమెరా వారిది కాదు. పోగొట్టుకొన్నవారిది. అదృష్టవశమున దొరకినదానితో ఒక చిత్రము తీయవచ్చును, ఒక సీమ తన్ను తాను చూచుకొనుటకు అదృష్టము చాలదు, విద్య కావలెను.

కావున మన కర్తవ్యము కొంత స్పష్టమగుచున్నది. అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981నుండి కలదు. పట్టణ పట్టణమున కళాశాలలు కలవు. వానిలో నెలకొకసారి ఒక మంచి చిత్రమును ప్రదర్శించి, పిమ్మట ఒక గంట చర్చించుటకు పెద్ద ధనమక్కఱలేదు. టింబక్టువంటి చిత్రము ఏ పల్లెలను చూపినదో ఆ పల్లెల రచ్చబండయొద్ద, తెలుగు మాటలతో, దానిని తిరిగి తిరిగి చూపవలెను. చూచినవారు 'ఇది సరి, ఇది సరికాదు' అని చెప్పగా విని వ్రాసికొనవలెను. ఆ మాటలు వినుచు పెరిగిన పిల్లలలో నొకతె రేపు పూనాకో ఢిల్లీకో పోవును. పోయినది తిరిగి వచ్చుటకు ఇచట పని యుండునట్లు చూచుట పెద్దల బాధ్యత.

తల్లి ప్రశ్నకు నేను ఇంకను బదులు చెప్పలేదు. ఆ చదువు తప్పక కూడు పెట్టునని వాగ్దానము చేయజాలను. కాన్ బహుమతి నందినవా రిద్దఱైనచో, పేరు తెలియక పనికై తిరుగువారు పలువురుందురు. బిడ్డను పంపునప్పుడు ఆ సంగతి తెలిసియే పంపవలెను. కాని వాన లేని యేట వేరుసెనగయు కూడు పెట్టదు. ఐనను రైతు విత్తుట మానలేదు. మన బిడ్డలు చూచుట నేర్వకున్నచో, మనలను చూచుటకు ఇతరులు వచ్చుచునే యుందురు. వారు తెచ్చిన చూపుతోనే మనలను చూచి పోవుదురు. తల్లులీ రెండు నష్టములను ప్రక్కప్రక్కన పెట్టి తూచుకొని నిర్ణయింతురు గాక.