అంచులోనే పనితనం

టెక్సస్‌లో ఆస్టిన్ పక్కన ట్రావిస్ సరస్సు ఉంది, జార్జియాలో అట్లాంటాకు ఉత్తరాన లానియర్ సరస్సు ఉంది. రెండూ నదులకు ఆనకట్టలు కట్టగా ఏర్పడ్డ జలాశయాలే. సముద్రపు అల అక్కడికి రాదు. అయినా వేసవి శనాదివారాల్లో అక్కడ అల మీద నిలబడి సాగిపోయేవాళ్లు కనిపిస్తారు. ఆ రెండు ఊళ్ల చుట్టుపక్కలా మన తెలుగు కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. బోటు అద్దెకు తీసుకుని నాలుగైదుసార్లు సరదాపడ్డాక ఇంట్లో ఎవరో ఒకరు ‘మనమే ఒక బోర్డు కొనుక్కుందాం’ అంటారు. ఆ మాట దాకా వచ్చినవాళ్ల కోసమే ఇది.

వేక్‌సర్ఫింగ్ అనే ఈ ఆటలో అలను పుట్టించేది బోటే. బోటు అడుగున ఉన్న ట్యాంకుల్లో నీళ్లు నింపి దాన్ని బరువెక్కిస్తారు. అది లోతుగా మునిగి గంటకు 10, 12 మైళ్ల వేగంతో కదిలితే, పక్కకు నెట్టిన నీరు వెనకాల అలగా లేస్తుంది. ఆడే మనిషి ఇరవై అడుగుల తాడు పట్టుకుని లేచి నిలబడతాడు, అల దొరికాక తాడు వదిలేస్తాడు. ఆ తర్వాత అతన్ని నడిపేది అల వాలు ఒక్కటే. మనిషి బోటుకు ఇంత దగ్గరగా ఉంటాడు కాబట్టి, ప్రొపెల్లర్ బోటు అడుగున, వెనక అంచుకు బాగా ముందుగా ఉన్న రకం బోటు వెనకే ఈ ఆట ఆడాలి. వెనక మోటారు వేలాడే మామూలు బోట్లతో ఎట్టి పరిస్థితిలోనూ ఆడకూడదు. బోర్డు సంగతి ఆ తర్వాతే.

సముద్రపు సర్ఫ్ బోర్డు మీద మనిషి ముందు బోర్లా పడుకుని చేతులతో ఈదుకుంటూ వెళ్లాలి. ఆ బరువును తేల్చడానికి దానికి పొడవూ మందమూ కావాలి. ఇక్కడ ఆ అవసరం లేదు, తాడే లేపుతుంది. అందుకే వేక్‌సర్ఫ్ బోర్డు పొట్టిగా, పలచగా, ముక్కు మొద్దుగా ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు మాత్రం విస్తీర్ణం కొంచెం ఎక్కువే కావాలి. గంటకు పది మైళ్లంటే నీటి మీద చాలా నిదానం. పాదాల కింద జాగా తగ్గితే బోర్డు కుంగి అల నుంచి వెనకబడిపోతుంది. తయారీదారులు సాధారణంగా ఏ బోర్డు ఎంత బరువు మోస్తుందో పట్టిక ఇస్తారు. అందులో మీ బరువు ఒక బోర్డు మోయగల హద్దుకు దగ్గరగా ఉంటే ఒక సైజు పెద్దదే తీసుకోండి. పెద్దవాళ్లకు సుమారు 5 అడుగుల బోర్డు సరిపోతుంది.

బోర్డుల్లో ప్రధానంగా రెండు తెగలు. స్కిమ్ రకం పలచగా, చప్పటగా, అడుగున చిన్న ఫిన్‌తో (రెక్కతో) ఉండి గిర్రున తిరుగుతుంది. సర్ఫ్ రకం మందంగా, పెద్ద ఫిన్లతో ఉండి అలను పట్టుకుని సాగుతుంది. మొదటి బోర్డు సర్ఫ్ రకమే కావాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఇక నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది బోర్డు పక్క అంచు. బోర్డును ఒళ్లో పెట్టుకుని ముక్కు నుంచి తోక దాకా ఆ అంచు వెంట నెమ్మదిగా వేలు నడపండి. మంచి బోర్డయితే మొదట గుండ్రంగా, నున్నగా తగులుతుంది. నడుం దాటాక కింది వైపున సన్నటి గీత మొదలవుతుంది. తోకకు జానెడు దూరంలోకి వచ్చేసరికి ఆ గీత గోటికి తగిలేంత పదునెక్కుతుంది. గుండ్రదనం ఎక్కడ ఆగిందో, పదును ఎక్కడ మొదలైందో ఫలానా చోటని చూపించలేం.

ఎందుకిలా చేస్తారో వంటింట్లోనే తెలుసుకోవచ్చు. కుళాయి ధారకు గరిటె వీపు ఆనించండి. నీరు ఆ గుండ్రదనాన్ని అంటుకుని చుట్టూ తిరుగుతుంది, గరిటెను తనవైపు లాక్కుంటుంది. అదే చాకు అంచు దగ్గరైతే నీరు తెగి విడిపోతుంది. బోర్డు నడుం దగ్గర మొదటి పని జరగాలి: నీరు అంచును చుట్టుకుని బోర్డును అల వాలుకు అంటిపెట్టి ఉంచాలి. తోక దగ్గర రెండో పని జరగాలి: నీరు వెంటనే విడిపోవాలి, లేకపోతే తోకను వెనక్కి పీల్చి వేగం చంపేస్తుంది. ఆరితేరినవాళ్ల బోర్డులో పదును బాగా ముందు నుంచే మొదలవుతుంది. దాని మీద కొత్తవాళ్లు కాలి వేళ్లు కాస్త గట్టిగా నొక్కినా అంచు నీటిని కరిచి వాళ్లను పడేస్తుంది. అందుకని కొత్తవాళ్ల బోర్డులో గుండ్రదనాన్ని వీలైనంత వెనక దాకా తెచ్చి, చివరలో మాత్రమే పదును పెడతారు. మనిషి తప్పుగా వాలినా బోర్డు ఓర్చుకునేలా చేసేది ఈ కొద్దిపాటి తేడానే. ఫోమ్ దిమ్మను ఇప్పుడు కంప్యూటర్ నడిపే మిషన్లు కోస్తున్నాయి, నిజమే. కానీ చేత్తో చేసే బోర్డుల్లో చివరి రూపం ఇచ్చేది గరుకు కాగితం పట్టుకున్న చెయ్యే. కుడి అంచూ ఎడమ అంచూ ఒక్కలా రావాలి, అది కష్టం. తోక వైపు నుంచి ఒక కన్ను మూసి చూస్తే ఆ చెయ్యి ఎంత నికార్సయినదో తెలిసిపోతుంది.

ఫిన్ల దగ్గరా ఇంతే శ్రద్ధ కనిపిస్తుంది. మూడు ఫిన్ల అమరికకు పేరు తెచ్చినవాడు ఆస్ట్రేలియా సర్ఫర్ సైమన్ ఆండర్సన్. 1981లో బెల్స్ బీచ్ పోటీని అలాంటి బోర్డు మీదే గెలిచాడు. మధ్య ఫిన్ రెండు వైపులా ఒకేలా ఉబ్బి ఉంటుంది. పక్క ఫిన్లు సాధారణంగా లోపలి వైపు చదునుగా, బయటి వైపు ఉబ్బుగా ఉండి, కొద్దిగా బయటకు ఒరిగి, ముందు కొసలు ముక్కు వైపు తిరిగి ఉంటాయి. విప్పి బిగించుకునే ఫిన్లున్న బోర్డు తీసుకోండి. మొదట మూడూ ఉంచితే బోర్డు గీత తప్పకుండా నడుస్తుంది. పట్టు దొరికాక పక్కవి తీసేసి మధ్యది ఉంచితే అదే బోర్డు చురుగ్గా తిరుగుతుంది.

తయారీలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది అచ్చులో వేడితో, ఒత్తిడితో నొక్కి చేసేది. 1990లో హెర్బ్ ఓబ్రయన్ అనే తయారీదారు తెచ్చిన హైపర్‌లైట్ వేక్‌బోర్డుతో ఈ పద్ధతికి పేరొచ్చింది. ఇలా చేసినవి బరువు, కానీ దెబ్బలకు తట్టుకుంటాయి, ధరా తక్కువ. రెండోది ఫోమ్ మీద గాజు నారబట్ట పరిచి రెజిన్ పట్టించేది. ఇక్కడో చక్కని చిక్కుంది. సర్ఫ్ బోర్డుల్లో చాలాకాలంగా వాడుతున్న పాలియెస్టర్ రెజిన్‌ను తేలికైన తెల్లని పూసల ఫోమ్ మీద పోస్తే, అది ఫోమ్‌ను కరిగించేస్తుంది. అందుకే దీనికి ఎపాక్సీ వాడతారు. ఎపాక్సీ ఎక్కువైతే బలం పెరగదు, బరువు పెరుగుతుంది. తక్కువైతే బట్ట నేత తెల్లగా, పొడిగా బయటపడుతుంది. వెలుతురులో వాలుగా పట్టుకుని చూడండి. సూది మొనంత గుంటలు, పొడి మచ్చలు లేకుండా నునుపు ఒకేలా ఉంటే, రెజిన్‌ను లాగిన చెయ్యి ఎక్కడా తొందరపడలేదన్నమాట. తర్వాత వేలి కణుపుతో అక్కడక్కడా తట్టండి. ఒకచోట డొల్లగా మోగితే బట్ట ఫోమ్ నుంచి విడిపోతోందని అర్థం. ఫిన్లు బిగించే పెట్టెల చుట్టూ వెంట్రుకవాసి పగులు ఉన్నా ఆ బోర్డు వదిలేయండి. నీరు అక్కడి నుంచే లోపలికి దిగుతుంది.

నా తీర్పు చెబుతాను. పిల్లలు రేవులో పడేసి, బోటు అంచుకు కొట్టి వాడే ఇల్లయితే అచ్చులో నొక్కినదే కొనండి. జాగ్రత్తగా చూసుకునే మనిషి ఒక్కరే వాడేటట్టయితే ఎపాక్సీ బోర్డుకు పెట్టే డబ్బు వృథా కాదు, ఆ తేలికదనం కాలికి తెలుస్తుంది. కుటుంబమంతా పంచుకునేదైతే అందరికన్నా బరువైన మనిషి లెక్కన సైజు తీసుకోండి. సొట్ట పడి లోపలి ఫోమ్ కనిపిస్తే బోర్డును ఆరబెట్టి, బాగుచేయించాకే మళ్లీ నీళ్లలో దించండి. టెక్సస్ ఎండలో కారు లోపల మాత్రం ఎప్పుడూ వదిలేయకండి. ఆ వేడికి ఫోమ్ ఉబ్బి, అంత శ్రద్ధగా పరిచిన బట్ట దాని నుంచి ఊడిపోతుంది.