ఆ చేతుల్లో నాదీ ఒకటి

ప్రజాకోర్టులో ప్రజలు తీర్పు చెప్పారు అనే మాటను విప్లవ కథల్లో, కరపత్రాల్లో ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తది: ఆ ప్రజల్లో నేనూ ఉన్న.

1991 ఎండాకాలం. నాకు పద్నాలుగేండ్లు. మాది పాత కరీంనగర్ జిల్లాలో ఒక ఊరు. మా నాయిన డప్పు కొట్టేటోడు. చావైనా, జాతరైనా, సర్కారు చాటింపైనా ఆయన డప్పే. ఆ మాపటేళ దళం వచ్చి ఇంటికొక్కరు రావాలె, చాటెయ్యి అన్నది. నాయిన చాటింపేసిండు. వేపచెట్టు కాడ జనం కూడినంకనే తెలిసింది, ఆ పంచాయితీ తన తమ్ముని మీదనే అని.

చిన్నాయిన చేసిన తప్పేంది? నెల ముందు పోలీసులు పట్కపోయిన్రు. అన్నలకు బువ్వ పెట్టినవని మూడు దినాలు కొట్టిన్రు. కాళ్లు మొక్కితే వదిలిపెట్టిన్రు. ఆయన వచ్చిన వారానికే పక్కూరి గుట్టల్ల కాల్పులైనయి. రెండు ముచ్చట్లు కలిపి ముడేసిన్రు. "నిన్నెందుకు ఇడిసిపెట్టిన్రు?" అని అడిగిన్రు. పోలీసులు చెప్పాల్సిన జవాబు అది. ఆయన ఏం చెప్తడు?

"ఇన్‌ఫార్మరే అనేటోళ్లు చేతులెత్తున్రి" అన్నరు. ముందుగాల ఎవ్వరు ఎత్తలే. తుపాకి పట్టుకున్నాయన ఒక్కొక్కరి మొఖం మీద టార్చిలైటు ఏసుకుంట వచ్చిండు. లైటు పడ్డ కాడల్ల చెయ్యి లేసింది. నా మీద పడ్డది. నేనూ ఎత్తిన. నాయిన డప్పు సంకకేసుకొని నిలబడ్డడు. ఆయన చెయ్యెత్తిండో లేదో నేను చూడలే. ఆయన పోయేదాక అడుగలే.

చిన్నాయిన రెండు కాళ్లు విరగ్గొట్టిన్రు. ఆయన మళ్ల చెప్పులు కుట్టిండు గని తొడుక్కొని నడువలే.

అది ఏ పార్టీ దళమో చెప్పను. అప్పుడు మా దిక్కు ఒకటికన్న ఎక్కువ పార్టీల దళాలు తిరిగేవి. నేను మాట్లాడేది ఒక పార్టీ గురించి కాదు, భయం ఒక ఊరిని ఎట్లా ఏలుతుందో దాని గురించి, దాన్ని రాయని మన సాహిత్యం గురించి.

భయం మొదటినాడే రాలేదు. మొదట వచ్చింది ధైర్యం. ఈ సంగతి దాచి రాస్తే అబద్ధమైతది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అంటే దొరలకు ఎంత దడ పుట్టిందో చూడండి. వెట్టి ఆగింది. తునికాకు కట్టకు రేటు పెరిగింది. గడి ముందర మా నాయిన చెప్పులు చేతబట్టుకొని నడిచే రోజులు పోయినయి. కారంచేడులో 1985లో ఆరుగురు దళితులను చంపిన కేసులో ప్రధాన నిందితుణ్ని 1989లో పీపుల్స్‌వార్ చంపినప్పుడు మా వాడల్లో సంబురపడినోళ్లున్నారు. కోర్టులు చెయ్యని న్యాయం తుపాకి చేసిందనుకున్నారు. ఆ నమ్మకంలో నాకూ పాలున్నది.

కానీ దొర పట్నం పోయినంక ఊర్లె మిగిలిందెవరు? మేమే. దళం బువ్వ తినేది మా ఇండ్లల్లనే, పోలీసులు పట్కపోయేది మమ్ములనే. దొరకు హైదరాబాదున్నది. రెడ్డికి బిడ్డ ఇల్లో, బామ్మర్ది ఇల్లో ఉన్నది. మాదిగోడు ఊరిడిచి ఎక్కడికి పోతడు? బువ్వ పెట్టకుంటే ఒక తుపాకి, పెడితే ఇంకో తుపాకి. 1992లో పీపుల్స్‌వార్ మీద నిషేధం వచ్చినంక ఈ బిగింపు ఇంకా ఎక్కువైంది.

అజ్ఞాతంలో ఉన్న పార్టీ చెవుల మీద బతుకుతది. ఎవరు చెప్పింది నిజమో తేల్చుకునే తీరిక దానికుండదు. అట్లాంటప్పుడు గెట్టు పంచాయితీ, ఆడపిల్ల పంచాయితీ, పాత పగ, ఏదైనా సరే "వాడు పోలీసులకు చెప్తుండు" అనే ఒక్క మాటతో రాజకీయమైపోతది. ఆ మాట ముందుగాల చెప్పినోడు బతుకుతడు. అందుకని మనిషి మనిషితో ముచ్చట పెట్టుడు మానేస్తడు. అన్నదమ్ముడు అన్నదమ్ముణ్ని చూసి తలుపేసుకుంటడు. ఊరంతా ఎదురుతిరగక్కరలేకుండా పోవడానికి ప్రతి ఇంట్లో తుపాకి పెట్టాల్సిన పనిలేదు. ఒక్క రాత్రి, ఒక్క టార్చిలైటు చాలు. తర్వాత మేమే ఒకరి మీద ఒకరం కావలి కాసుకున్నం.

ఇక సాహిత్యం. నేను చదివిన కథల్లో జనం ఒకే గొంతుతో మాట్లాడుతరు. ఇన్‌ఫార్మర్ తాగుబోతు, లేకుంటే దొర జీతగాడు. అంటే చివరికి మా వాడోడే. వాడికి పెండ్లాం ఉండదు, పిల్లలుండరు, స్టేషన్‌లో తిన్న దెబ్బలుండవు. రాసినాయనకు ఆ వేపచెట్టు కింద నిలబడే అవసరం పడలేదు. కులం వర్గంలో కలిసిపోతుందని చెప్పిన సాహిత్యమే ఇన్‌ఫార్మర్‌ను మాత్రం మా వాడలో వెతికింది.

ఏడాదికి మా బస్టాండు గోడకు ఎర్ర అక్షరాల పోస్టరు పడ్డది. పొరపాటు జరిగిందని, ఆత్మవిమర్శ చేసుకుంటున్నామని. చిన్నవ్వకు చదువు రాదు. నేనే చదివి వినిపించిన.

"అండ్ల ఎవలి పేరన్న ఉన్నాదిరా?"

"లేదు చిన్నవ్వా."

"మరి తప్పెవలు చేసినట్టు?"

ఎంఏలో చదివిన విమర్శ పుస్తకాలన్నీ నాకు ఇంత మంచి ప్రశ్న ఇవ్వలేదు. తీర్పు చెప్పినప్పుడు కర్త ప్రజలు. తప్పు జరిగినప్పుడు కర్తే లేడు. విప్లవ గద్యాన్ని నేను ఇప్పటికీ ఈ ప్రశ్నతోనే చదువుతాను.

మరి దళిత రచయితలం మనమేం చేసినం? దొర భయం రాసినం. పోలీసు భయం రాసినం. 1991లో చుండూరులో ఎనిమిదిమందిని నరికితే రాసినం. ఈ భయం మాత్రం రాయలే. శత్రువుకు ఆయుధమైతదన్నరు. ఆ మాటలో నిజం లేకపోలేదు. చిన్నాయినను ముందు కొట్టింది సర్కారే, ఎన్‌కౌంటర్ల పేరుతో మా పిల్లలను చంపిందీ సర్కారే. దాని నోట మా గోస పలికితే నేనొప్పుకోను. కానీ శత్రువు వింటడని మనలో మనం కూడా మాట్లాడకపోతే, ఆ టార్చిలైటు ఇంకా మన మొఖాల మీదనే ఉన్నట్టు. ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో 1997లో ఏర్పడిన పౌర స్పందన వేదిక రెండు వైపుల హింసనూ అడిగింది. బాలగోపాల్ ఈ ప్రశ్న మీదనే పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చాడు, 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడింది. వాళ్లు శత్రువులైపోలేదు. మనమెందుకు జంకాలె?

చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ప్రజలు అనే మాట ఎక్కడ కనపడ్డా ఆగండి. అందులో ఎవరున్నారు, ఎవరి చేతిలో లైటున్నదీ అడగండి. మన సంఘాల తీర్మానాలప్పుడు కూడా అడగండి. 1994లో ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు మా డప్పు మా కోసం మోగిందని నేనూ ఎగిరిన. ఆ సభల్లో చేతులెత్తమన్నప్పుడు మాత్రం పక్కోని మొఖం చూసినంకనే ఎత్తిన. వాడు భయపడి ఎత్తుతుండా, ఇష్టపడి ఎత్తుతుండా అని.

చిన్నాయిన నన్ను ఒక్కసారి కూడా ఏమీ అనలే. పదో తరగతి పాసైన్నాడు చెప్పుల జత కుట్టిచ్చిండు. క్షమించమని నేనడగలే. ఇప్పుడు ఆయన లేడు. అందుకే ఇది రాస్తున్న.